దీవిని కాపాడినోళ్ళు దీవి బయట

(యానాది కాలనీ సభలో చేసిన ప్రసంగం)



రాకెట్ లేచినప్పుడల్లా దేశమంతా శ్రీహరికోట పేరు తలుస్తుంది. మీరు గుడిసె ముందు నిలబడి తలెత్తి చూస్తారు. ఆ మంట కింద నేల ఎవరిదని ఎవరూ అడగరు. అది అడగడానికే ఇవాళ కూర్చున్నాం.

ఇటు పులికాట్ సరస్సు, అటు బంగాళాఖాతం, నడుమ మీ తాతల దీవి. 1835లో తెల్లోళ్ళ ప్రభుత్వం దాన్ని చేతికి తీసుకుంది. ఎందుకు? మద్రాసు పొయ్యిలకు కట్టెలు కావాలి! యానాదులు తేనె, చిరివేరు, మూలికలు తెచ్చిపోస్తే కూలి కింద గింజలు కొలిచారు. అది చాలక నేరస్థ జాతులన్నారు. ఆ చట్టం 1952లో పోయింది. అనుమానం పోయిందా? ఊళ్ళో కోడి పోతే ముందు మీ గుడిసె వైపే చూస్తారు.

1969లో రాకెట్ కేంద్రానికి దీవిని ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్ ఎగిరింది. చాలా యానాది కుటుంబాలు దీవి దాటి రావాల్సి వచ్చింది.

తీరం పొడుగునా నరికేయగా మిగిలిన అడవిలో పెద్ద ముక్క ఇప్పటికీ అక్కడుంది. కంచె కాపాడిందంటారు. కంచె వచ్చి ఎన్నేళ్ళయింది? అంతకు ముందు తరతరాలుగా అక్కడ గడ్డలు తవ్వి, తేనె తీసి, పసరు మందు తెలిసి బతికిందెవరు? అడవి పోతే రేపు కూడు లేదని తెలిసినోళ్ళకు చెట్టు విలువ ఎవరు చెప్పాలి?

మా సంగతీ చెప్పాలి. ఊరు మమ్మల్ని వెలివాడలో పెట్టింది. మేము మిమ్మల్ని వాడకు కూడా అవతల పెట్టాం, 'ఒరే యానాదీ' అని పిలిచాం. ఈ తప్పు ఒప్పుకోకుండా అంబేద్కర్ పేరెత్తే అర్హత మాకు లేదు.

రాకెట్ వద్దనడం లేదు. తుఫాను సంగతి ముందే చెప్పే ఉపగ్రహం మనకూ కావాలి. అంత పైనించి చూసే సర్కారుకు కాలవగట్టు మీద గుడిసె కనపడదా?

అందుకే రెండు పనులు. ఇంటి పట్టా, కులం సర్టిఫికెట్ లేని ఇళ్ళ పేర్లు ఈ వారమే రాసుకుందాం. దీవిలో పుట్టిన ముసలోళ్ళ దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టి దిబ్బల పేర్లు, వాగుల పేర్లు, వేర్ల పేర్లు రాయిద్దాం. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. పెద్దలు చెప్పింది రాసి పెడితే సాక్ష్యమేనని దాని 2008 నిబంధనల్లో ఉంది. ఎక్కడ ఆ హక్కు వర్తిస్తుందో అక్కడ గ్రామసభలో అర్జీ పెడదాం.

ముసలోళ్ళు పోతే ఆ దస్తావేజు పోతుంది. రేపు కాదు, ఈ రాత్రే మొదలెట్టండి. మేము పక్కన కూర్చుని రాస్తాం.

జై భీమ్!