మైదానానికి అటూ ఇటూ
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

బడికి మన సంఘం ఏమివ్వాలి అంటే చాలామంది కొత్త కంప్యూటర్లన్నారు. ముప్పై ఏళ్లుగా నెట్‌వర్కుల పని చేస్తున్నవాణ్ణి, నా మాట కొంచెం వేరు. మైదానానికి అటు ఆఫీసులో ఒక నెట్‌వర్కు, ఇటు కంప్యూటర్ గదిలో ఇంకొకటి ఉన్నాయి. ఇంటర్నెట్ ఆఫీసుకే ఉంది. ముందు ఆ రెంటినీ కలుపుదాం.

రాగి నెట్‌వర్కు కేబులు 100 మీటర్ల వరకే. పైగా రెండు భవనాల ఎర్తింగు వేరు. పిడుగు పడితే ఆ తీగ వెంబడి రెండు వైపులా సామాను కాలిపోవచ్చు. ఫైబర్ మంచిదే గానీ, పిల్లలు ఆడుకునే నేల తవ్వాలి. అందుకే వైర్‌లెస్ బ్రిడ్జి అంటున్నాను. రెండు మిద్దెల మీద ఎదురెదురుగా రెండు చిన్న రేడియోలు. వాటి ఖర్చు ఒక కొత్త కంప్యూటరు ధరకన్నా తక్కువే. 5 గిగాహెర్ట్‌జ్ బ్యాండులో చాలా భాగానికి, శక్తి పరిమితికి లోబడి వాడితే, 2018 అక్టోబరు నుంచి మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు.

ఇది కొత్త విద్య కాదు. బైర్రాజు ఫౌండేషన్ వాళ్లు ‘అశ్విని’ పేరుతో పశ్చిమ గోదావరి పల్లెలను ఇలాంటి రేడియోలతోనే కలిపి, పల్లె జనానికి వైద్యుల సలహా, చదువు అందించారు. అక్కడ కిలోమీటర్ల దూరం. మనకు ఒక మైదానమే.

అయితే మూడు జాగ్రత్తలు.

ఒకటి, రేడియోలు ఒకదానికొకటి కనబడితే చాలదు. 200 మీటర్ల దూరానికి, నట్టనడుమ ఆ చూపు గీత చుట్టూ కనీసం ఒక మీటరు ఖాళీ ఉండాలి. తడిసిన ఆకులు సిగ్నల్‌ను మింగేస్తాయి. అలాగని వేపచెట్టు నరకొద్దు, పైపు ఎత్తు పెంచుదాం. ఆ పైపుకు ఎర్తింగు, కేబులుకు సర్జ్ ప్రొటెక్టరు తప్పనిసరి.

రెండు, మామూలు వైఫై క్లయింటు పద్ధతి తన వెనకున్న కంప్యూటర్లన్నిటినీ సరిగా దాటించలేదు. బ్రిడ్జి మోడ్ ఉన్న రేడియోలే కొనాలి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. రెండు వైపులా రౌటర్లు 192.168.1 వరుసలోనే అడ్రసులు పంచుతుంటే, కలిపిన రోజే రెండు యంత్రాలకు ఒకే అడ్రసు వచ్చి గొడవ మొదలవుతుంది. అంతకన్నా పెద్ద సంగతి, ఆఫీసు కంప్యూటర్లలో పిల్లల మార్కులు, ఆధార్ నంబర్లు ఉంటాయి. అందుకని చెరో అడ్రసు వరుస ఇచ్చి, నడుమ ఫైర్‌వాల్ ఉన్న రౌటరు పెట్టాలి. కంప్యూటర్ గదికి ఇంటర్నెట్ రావాలి; ఆఫీసు ఫైళ్లు మాత్రం రాకూడదు. వంతెన కట్టినా కాపలా ఉండాల్సిందే.

కట్టడం ఒక్క రోజు పని, చూసుకోవడం ఏళ్ల పని. గాలివానకు రేడియో పక్కకు తిరగొచ్చు, కరెంటు పోవచ్చు. ఏటా తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరికి ఈ పని నేర్పిద్దాం. మిద్దె మీదికి పెద్దవాళ్లే ఎక్కాలి. సిగ్నల్ చూడటం, లోపం ఎక్కడుందో పట్టుకోవడం పిల్లలు చేస్తారు. పరికరాలు పాతబడినా ఆ విద్య వాళ్లకు మిగులుతుంది.

వచ్చే ఆదివారం మిద్దె ఎక్కడానికి నేను సిద్ధం. నిచ్చెన పట్టుకునేవాళ్లు భోజనాలప్పుడు పేర్లు చెప్పండి. సెలవు.