తరగతి గది కథల్లో మన ఇళ్లు



దేశమంతటి పిల్లలకు అక్షరాలు దిద్దుకునే పలకలనందించిన పట్టణం మార్కాపురం. ఇక్కడి ముస్లిం పిల్లలు మాత్రం తరగతిలో చదివించే కథల్లో తరచూ రంజాన్‌నాడే, సేమియా గిన్నెతోనే కనబడుతున్నారు. మిగిలిన రోజులేమైనట్లు?

మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ ఆ లోటు తీర్చగలవు. పొరుగు జిల్లా కావలిలోని బాల్యమది. అల్లరి, బడి, లేమి, నవ్వు అన్నీ ఉన్నాయి. యాసను ‘సరిదిద్ది’ చదివించవద్దని మా మనవి. వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ను పై తరగతులకు ఎంచుకోవచ్చు. మక్కా మసీదు పేలుడు తర్వాత ఒక తల్లి పడే భయం అందులోనిది. వివాదమని దానిని పక్కనబెట్టడం మాకు సమ్మతం కాదు. ఉపాధ్యాయుడు వెంట ఉండి చదివిస్తే చాలు.

ఇవి ఉర్దూ బడులకే పరిమితం కారాదు. గిద్దలూరులోనైనా, మార్కాపురంలోనైనా అన్ని ఇళ్ల పిల్లలూ ఒకే బల్లపై కూర్చుని చదవాలని కోరుతున్నాం.