కాసు, క్యాషు: ఒక పాఠానికి సవరణ



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు మాకు ఎనిమిదో తరగతిలో తెలుగు చెప్పారు. ఒకరోజు బల్ల చరిచి, “ఇంగ్లీషువాడి క్యాషు మన కాసేరా!” అన్నారు. క్లాసంతా పొంగిపోయాం. ఆయన ఉండగా నోరు పెగల్లేదు గానీ, ఆ మాట సగమే నిజం. మిగతా సగమే రంజైనది.

ఇవాళ మనం కొట్లో ఇచ్చే క్యాషుకు తాత లాటిన్ ‘కాప్సా’. అంటే పెట్టె. మనం మింగే క్యాప్సూలూ దాని సంతానమే, అది చిన్న పెట్టె. ఇటాలియన్‌లో కాస్సాగా, ఫ్రెంచిలో కేస్‌గా మారి, ఇంగ్లీషులోకి వచ్చేటప్పటికి డబ్బుపెట్టె అయింది. పోనుపోను పెట్టె జారిపోయి, లోపలి రొక్కం మిగిలింది.

కాసు దారి వేరు. తమిళ మలయాళాల్లో కాశు, కన్నడంలో కాసు, సింహళంలో కాసి. సంస్కృతంలో ‘కర్షం’ అనే తూకమే దీనికి మూలమని చాలామంది పండితులంటారు. తూకం పేరు నాణానికి రావడంలో వింతేమీ లేదు. కంసాలి దగ్గర కాసంటే నేటికీ 8 గ్రాముల బంగారం. నాణెం తిరిగి తూకమైంది!

ఈ రెంటికీ ముడి వేసింది పోర్చుగీసువాళ్లు. మన తీరంలో కాసు అన్న మాట విని, తమ భాషలో పెట్టెకున్న ‘కైషా’ను దానికి తగిలించారు. వాళ్ల నోటినుంచి ఇంగ్లీషువాళ్లు అందుకుని, మన రాగి నాణాన్నీ, చదరపు చిల్లున్న చైనా నాణాన్నీ కూడా క్యాష్ అనేశారు. అలా ఇంగ్లీషు నిఘంటువులో క్యాష్ రెండుసార్లు కనిపిస్తుంది. రూపం ఒకటే, చుట్టరికం లేదు. మాస్టారు పట్టుకున్నది రెండో దాన్ని.

చెన్నపట్నంలో కుంఫిణీ లెక్క ఇలా ఉండేది: 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. అంటే వరహాకు 3,360 కాసులు. గుమాస్తాల కళ్లు ఏమయ్యేవో! 20 కాసుల రాగి బిళ్లను తెల్లవాళ్లు ‘డబ్’ అనేవారు. అది మన డబ్బే. ఆనాడు ఒక బిళ్ల పేరు, ఈనాడు సొమ్మంతటికీ పేరు. రాయలసీమలో దుడ్డుకూ ఇదే యోగం పట్టింది.

ఆ 20 కాసుల నాణాలను బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో 1808లో ముద్రించి, అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడలో మద్రాసుకు పంపారు. 1809 జనవరిలో, ఇంగ్లండు తీరం దాటకముందే, గుడ్విన్ ఇసుకతిన్నెల మీద ఓడ మునిగింది. 1980లలో నాణాలు పీపాలతో సహా బయటపడ్డాయి. వాటి వెనకవైపు పారశీ లిపిలో ‘ఇరవై కాసులు నాలుగు ఫులూసులు’ అన్న అర్థం వచ్చే రాత ఉంటుంది. గల్ఫుకు వెళ్లొచ్చిన కరీంనగర్ వాళ్లకు అరబ్బీలో డబ్బు అని అర్థమున్న ఫులూస్ కొత్త మాట కాదు. అది లాటిన్ ‘ఫోల్లిస్’, అంటే తోలుసంచి. పెట్టె అటు క్యాషైతే, సంచి ఇటు ఫులూసయింది. మద్రాసు చేరని ఆ బిళ్ల మీద సంచి పక్కన కాసు కూర్చుంది.

అందులో ఒకటి లండన్‌లో ఒక కొట్లో కొన్నాను, మాస్టారి ఫొటో దగ్గర పెట్టాలని. పౌండ్ల నోట్లు తీస్తే కొట్టతను తలూపి, కార్డు అయితేనే ఇస్తానన్నాడు. అక్కడ క్యాషు చెల్లదట.