మంచు కాదు, దుమ్ము

(వికారాబాదులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది పొద్దున తాండూరు నుంచి రైల్లో వచ్చారు. దారంతా తెల్లగా కమ్ముకుని వుందనీ, ఈసారి మంచు బాగా పడుతోందనీ మాట్లాడుకుంటుంటే విన్నాను. నేను చెప్పాల్సింది ఆ తెల్లదనం గురించే. మంచయితే ఎండెక్కేసరికి పోవాలి. తాండూరులో పదకొండు గంటలకు కూడా పోని రోజులుంటాయి. గడప మీదా, ఆరేసిన చీరల మీదా వేలికి అంటేది మంచు కాదని మీకు నేను చెప్పనక్కర్లేదు. దులిపేది మీరే.

చలికాలంలోనే ఎందుకిలా అవుతుంది? నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రాత్రిళ్లు నేల త్వరగా చల్లబడుతుంది. నేలనంటిన గాలి చల్లబడి బరువెక్కి అడుగునే వుండిపోతుంది. దాని మీద వెచ్చటి గాలి కుండ మీది మూతలాగా కూర్చుంటుంది. పొగా దుమ్మూ పైకి పోవటానికి దారి వుండదు. వానాకాలంలో ఇదే దుమ్మును వాన కడిగేస్తుంది. అంటే ఈ నాలుగు నెలల్లో దుమ్మంతా కొత్తగా పుట్టటం లేదు. ఏడాది పొడుగునా పుట్టేదే ఇప్పుడు మన ముక్కు ముందర నిలబడుతోంది. ఎవరైనా దీన్ని 'సీజనల్ సమస్య' అంటే ఒప్పుకోకండి.

ఇక పుట్టేచోటు. తాండూరంటే నాపరాయి. గనిలో రాయి తీయటం దగ్గర్నుంచి బండ కోయటం, నునుపు చేయటం దాకా ప్రతి పనిలోనూ దుమ్ముంది. పాలిషింగ్ యూనిట్లలో నీళ్లు పోస్తూ కోస్తారు కాబట్టి అక్కడ దుమ్ము అంతగా లేవదని యజమానులు అంటారు. నిజమే, లేవదు. తెల్లటి బురదవుతుంది. ఆ బురదను రోడ్ల పక్కనా, ఖాళీ జాగాల్లోనూ పోస్తారు. అది ఎండి పిండిలాగా అయి, లారీ పోయినప్పుడల్లా లేస్తుంది. కరన్‌కోట్ మొదలుకొని చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. వాటికి సున్నపురాయి, బొగ్గు మోసే లారీలున్నాయి. గుంటలు పడిన రోడ్లున్నాయి. డిసెంబరు, జనవరి వస్తే కంది కొట్టే దుమ్ము కూడా కలుస్తుంది. 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన తాండూరు కందే! కంది గింజ మార్కెట్టుకు పోతుంది, కంది కట్టె పొయ్యిలోకి వస్తుంది.

దుమ్మంతా ఒకటి కాదు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్ల లోపు రేణువులు ముక్కు దాటి లోపలికి పోతాయి. రాళ్ల నుంచీ రోడ్ల నుంచీ లేచే దుమ్ములో ఈ ముతక రకం ఎక్కువ. 2.5 మైక్రాన్ల లోపువి ఊపిరితిత్తుల అడుగుకు చేరి, వాటిలో మరీ సన్ననివి రక్తంలో కూడా కలుస్తాయి. ఇవి ఎక్కువగా ఏదైనా మండినప్పుడు పుడతాయి - బొగ్గు, డీజిలు, చెత్త, కట్టెలు. ఈ సన్న రేణువులు ఘనపు మీటరు గాలిలో ఒక రోజు సగటున 60 మైక్రోగ్రాములు మించకూడదని మన దేశం 2009లో ప్రమాణం పెట్టుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. మన ఊపిరితిత్తులు నాలుగింతలు గట్టివని ఎవరు తేల్చారో!

కట్టెలనగానే కొందరు వేలు పొయ్యి వైపు తిప్పుతారు. ఈ మాట జాగ్రత్తగా చెప్పాలి. పొయ్యి పొగ చాలా చెడ్డది, అందులో అనుమానం లేదు. 1980ల మొదట్లో కర్క్ స్మిత్, ఆయన సహచరులు గుజరాత్ గ్రామాల్లో వంట చేసే స్త్రీల ఒంటికే పరికరం తగిలించి, వాళ్లు పీల్చే గాలిని కొలిచారు. అంతవరకు కాలుష్యమంటే పట్నాలదీ ఫ్యాక్టరీలదీ అనుకునేవాళ్లు. 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది, 2024లో మహాలక్ష్మి కింద 500 రూపాయల సిలిండరు వచ్చింది. అయినా పొయ్యి ఆరలేదంటే అది ఆడవాళ్ల అజ్ఞానం కాదు. కూలి దొరకని నెలలో సిలిండరు మూలనే వుంటుంది, కంది కట్టె ఉచితం. పైగా పొయ్యి ముందు కూర్చునే స్త్రీయే పగలంతా బండల దగ్గర పనిచేసి వస్తుంది. ఆమె ఊపిరిలో రెండు దుమ్ములూ కలుస్తాయి. స్తంభానికి కట్టిన యంత్రం ఈ కలయికను చూడలేదు. నన్నడిగితే ఆ గుజరాత్ పద్ధతి ఇప్పుడు తాండూరు బండల దగ్గరకు రావాలి.

2019లో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో తెలంగాణ నుంచి హైదరాబాదు, నల్గొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి వున్నాయి. తాండూరు లేదు.

నన్ను ఎక్కువగా వేధించే విషయం ఇంకొకటుంది. పాలిషింగ్ పని చేసే ఒక చెల్లెలు రెండేళ్లుగా దగ్గుతోంది. ఒక ఆసుపత్రిలో టీబీ మందులిచ్చారు. తగ్గలేదు, మళ్లీ ఇచ్చారు. నేను ఆమె చీటీ చూశాను. వృత్తి అన్నచోట 'గృహిణి' అని వుంది. ఏం పని చేస్తావని ఆమెను ఎవరూ అడగలేదు. యూనిట్లో అడిగితే రిజిస్టరులో ఆమె పేరు లేదు, భర్త పేరుంది. ఇద్దరూ కలిసి చేసిన పనికి కూలి అతని చేతికే ఇస్తారు. రాతిదుమ్ములో సిలికా వుంటే అది ఊపిరితిత్తులను పాడుచేయటమే కాక టీబీ వచ్చే అవకాశాన్నీ పెంచుతుంది. సున్నపురాయిలో సిలికా తక్కువే. కానీ ఏ బండలో ఎంతుందో, ఆమెకు వచ్చింది ఏ జబ్బో తేలాలంటే, ముందు ఆమె పనిమనిషని కాగితం మీద వుండాలి కదా!

చట్టం మాట చూద్దాం. పరిశుభ్రమైన గాలి జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులో చెప్పింది. ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో 1995లో కార్మికుల ఆరోగ్యం కూడా ఆ హక్కులోదేనంది. ఇంతలో 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఇదివరకు కరెంటుతో నడిచేచోట పదిమంది పనిచేస్తే ఫ్యాక్టరీ. ఇప్పుడు ఇరవై మంది కావాలి. మన యూనిట్లలో తలకాయలు లెక్కపెట్టి చూడండి. అందులోనూ ఆడవాళ్ల తలకాయలు రిజిస్టరులో వుండవు. చిన్నచిన్న యూనిట్లు ఫ్యాక్టరీలే కాకుండా పోవటం ఎంత తేలికో మీకే తెలుస్తుంది.

ఈ మాటలే బస్తీలో చెబితే ఒకామె లేచి, "యూనిట్ బందైతే మేమేం తినాలె అక్కా?" అంది. నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. తర్వాత ఆమే చెప్పింది - బందు చేయమనొద్దు, బురదను ఊరి బయట గోతిలో పోసి కప్పమనండి, లారీల మీద టార్పాలిన్ వేయమనండి, రోడ్డు తడపమనండి, మా పేర్లు రాయమనండి అని. మనం రాయబోయే వినతిపత్రానికి ఇంతకంటే మంచి చిత్తుప్రతి నాకు దొరకలేదు. చివరి కోరికను మాత్రం మొదటికి తెచ్చాను.

ఆ చెల్లెలి చీటీలో 'గృహిణి' కొట్టేసి 'బండల పాలిషింగ్ కూలీ' అని రాయించటానికి ఇప్పటికి మూడుసార్లు తిరిగాం. సోమవారం మళ్లీ వెళ్తున్నాం. తాండూరు వాళ్లు రాగలిగితే తొమ్మిదింటికల్లా రండి. ఓపీ చీటీలు తర్వాత ఇవ్వరు.