దొరువు దగ్గర కాసేపు



మాది సముద్రతీరానికి దగ్గర్లోని ఈపురుపాలెం. ఊళ్లో మగ్గాల చప్పుడు, ఊరి బయట ఇసుక నేల. మా నాయనమ్మ చేలో దొరువులోకి, అంటే ఇసుకలో తవ్విన నీటిగుంటలోకి దిగి, రెండు కడవలు ముంచుకొచ్చి వంగనారుకు పోసేది. పోసేముందు ఒక చుక్క నాలుక మీద వేసుకునేది. ఎండాకాలం ఒక్కోసారి "ఇవాళ వద్దులే, ఉప్పు తగిలింది" అని ఉత్త కడవలతో తిరిగొచ్చేది. ఆ మాట వెనకున్న లెక్క కాలేజీకొచ్చాక గాని నాకు తెలియలేదు.

ఇసుకలో ఇంకిన వాననీరు బరువైన ఉప్పునీటి మీద మీగడలా తేలుతుంది. లెక్క ప్రకారం మంచినీరు సముద్రమట్టానికి పైన ఒక అడుగుంటే, కింద 40 అడుగుల దాకా ఉంటుంది. ఆ పై అడుగు తోడేశామా, అడుగునున్న ఉప్పు 40 అడుగులు ఎగబాకుతుంది. లోతు బోర్లు ఉప్పెక్కడం అందుకే. దొరువు లోతుకు పోదు, పైపైనే తీస్తుంది.

ఉప్పునీటి మీద పరిశోధన చేసే బాపట్ల సెలైన్ వాటర్ పథకం శాస్త్రవేత్తలు దొరువును పాతకాలపు గుంట అని కొట్టిపారేయలేదు. వాళ్లంటే నాకు గౌరవం అందుకే. చిల్లుల పైపులకు నైలాన్ వల చుట్టి ఇసుకలో అడ్డంగా పరిచారు. వాటిలో ఊరిన నీరు వరల బావిలోకి చేరుతుంది. చిన్న మోటారుతో తోడి తుంపర సేద్యానికి వాడుకోవచ్చు. గుంట అక్కర్లేకపోవడంతో అది తిన్న నేల కూడా సాగులోకొచ్చింది. 1986లో ఇదే బాపట్ల నుంచి విడుదలైన సాంబ మసూరి వరి, మన బీపీటీ 5204, దేశమంతా తిరిగింది. ఈ పైపులకు అంత పేరు రాలేదు. అన్నం కంచంలో కనబడుతుంది, పైపు మట్టిలో ఉంటుంది కదా! 

ఒక చిక్కు మాత్రం చెప్పాలి. కడవ మోసే భుజానికి అలుపుండేది, మోటారుకు లేదు. పక్కపక్కనే పది మోటార్లు ఆడితే ఆ మీగడ ఎన్నాళ్లు? ఎంత దూరానికొకటి, రోజుకెన్ని గంటలు అన్నది రైతులతో అరుగుమీద కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి. ఆ అరుగుల మీద మన శాస్త్రవేత్తలు కూర్చున్నది తక్కువ.

ఇవాళ పట్టాలందుకుంటున్న మీలో, భోజనాలయ్యాక తీరికున్నవాళ్లు నాతో రండి. ఈపురుపాలెం స్ట్రెయిట్ కట్ కాలువ గట్టు మీదుగా ఇసుకచేలలోకి పోదాం. నీటిలో ఉప్పును కొలిచే ఈసీ మీటరు తెచ్చుకోండి. నాలుక మీద కూడా ఒక చుక్క వేసుకుని చూడండి.