అమెరికా చదువు, మానేసిన క్లాసులు

అమెరికాలో చదివే మన పిల్లల్లో కొందరు రాత్రంతా గ్యాస్ స్టేషన్ కౌంటర్లో నిలబడి, తెల్లారాక గదికొచ్చి బూట్లైనా విప్పకుండా మంచం మీద వాలిపోతారు. పొద్దుటి క్లాసు పోతుంది. ఇక్కడి బ్యాంకు అప్పు, అక్కడి అద్దె వాళ్ళనలా పరిగెత్తిస్తాయి. వాళ్ళను తిట్టడానికి నాకు మనసొప్పదు. అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేయడం మాత్రం నేరుగా వీసాకే ఎసరు.

ఇక క్లాసుల సంగతి. ఎఫ్-1 వీసా ఇచ్చేది పూర్తికాలం చదువుకోసం. డిగ్రీ విద్యార్థి సెమిస్టరుకు 12 క్రెడిట్లు తీసుకోవాలి. పీజీలో ఎన్నన్నది యూనివర్సిటీ చెబుతుంది, చాలాచోట్ల 9. ఒక్కరోజు క్లాసుకు పోనంత మాత్రాన కొంపలేమీ మునగవు. వరసగా మానేసి, చెప్పాపెట్టకుండా కోర్సు వదిలేస్తేనే ముప్పు. విద్యార్థి హోదా నిలబెట్టుకోలేదని తెలిసిన 21 రోజుల్లో యూనివర్సిటీ ఆ సంగతి సెవిస్ అనే ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలో ఎక్కించాలి. క్లాసులు ఎగ్గొడితే వీసా రద్దు కావచ్చని 2025 మే నెలలో మన దేశంలోని అమెరికా రాయబార కార్యాలయమే హెచ్చరించింది.

జబ్బు చేసిందా? దిగులుతో మంచం దిగలేకపోతున్నారా? దారి ఉంది. డాక్టరు రాసిచ్చిన కాగితంతో క్యాంపస్‌లోని డీఎస్‌ఓను, అంటే విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారిని కలవండి. ఒక్కో డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలలదాకా తక్కువ క్రెడిట్లకు అనుమతి ఇవ్వవచ్చు. క్రెడిట్లు వదులుకోకముందే ఆ అనుమతి చేతికి రావాలి.