శాఖ మారునపుడు పట్టిక చేయు మేలు
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన మస్కి బండమీది అశోకుని శాసనమును 1915లో బంగారు గనుల ఇంజనీరు బీడన్ కనుగొనెను. ఆ లఘు శిలాశాసనపు మరొక ప్రతి కర్నూలు జిల్లా ఎర్రగుడిలో గలదు. మన ప్రతిలో అశోకుని పేరున్నది, అచ్చట లేదు. ఇట్లు ఒకే పాఠమునకు పలు ప్రతు లుండుట పురాతనమైన సంగతియే.

మన పెద్ద తరగతుల పిల్లలు తమ తెలుగు, కన్నడ పాఠములను కంప్యూటరులో గిట్ అను సాధనముతో రెండు శాఖలుగా నిలుపుచున్నారు. దీనిని 2005లో లైనస్ టోర్వాల్డ్స్ నిర్మించెను. ఇది మాకేల యని మీరడుగవచ్చును. మీ పిల్లల వ్రాత అందున్నది గనుక చెప్పుచున్నాము.

ఒక శాఖనుండి మరొకదానికి మారునపుడు గిట్ ఫైళ్ల నన్నిటిని తిరిగి వ్రాయదు. ప్రతి ఫైలు పరిమాణము, మారిన కాలము, పాఠపు గుర్తు దాని యొద్దనున్న పట్టికలో నుండును. రెండు శాఖలలోను గుర్తొకటే యైన ఫైలును అది ముట్టదు. ఫైళ్ల సంచి కంతటికిని గుర్తు సరిపోయినచో లోపలికి తొంగియైనను చూడ నక్కరలేదు. ఈ సదుపాయము 2018 చివర వెలువడిన 2.20 ప్రతిలో మరింత మెరుగుపడెను. మన పాఠముల కింత యవసరమా యనవచ్చును. కాని 2017 నాటికి గిట్‌లోనికి మారిన విండోస్ మూలములో సుమారు 35 లక్షల ఫైళ్లుండెను.

అయితే పట్టికను గ్రుడ్డిగా నమ్మరాదు. ‘కల’ యను మాటను ‘కళ’గా దిద్దినచో ఫైలు పరిమాణము మారదు. పట్టిక వ్రాసిన క్షణముననే ఆ దిద్దుబాటు జరిగినచో కాలమును సందేహాస్పదమే. అట్టి ఫైలును మాత్రము గిట్ తెరచి, లోపలి పాఠమునే పోల్చును. ఈ జాగ్రత్త మాకు మిక్కిలి నచ్చినది.

నమోదుకాని వ్రాత చెరిగిపోవునట్లున్నచో గిట్ శాఖ మార్చుటకు నిరాకరించును. గత సంవత్సర మొక బాలునకు అట్లే జరిగినది. గంట మ్రోగనున్నదని బలవంతపు మార్పునకు ఆజ్ఞ నిచ్చినది మేమే. అతని మూడు దినముల కన్నడానువాదము పోయెను. ఆ సాయంత్ర మతని తల్లికి మేము చెప్పదగిన మాట లేకపోయెను.

ఇప్పుడు యంత్రము నిరాకరించినచో, బస్సు తప్పినను సరే, పిల్లలు ముందు తమ వ్రాతను నమోదు చేసికొని పిదపనే శాఖ మార్చుచున్నారు. ఇంటికి ఆలస్యముగా వచ్చిన దినములలో వారిని కోపింపవలదని మా మనవి.